నాన్న వేట పుస్తకం, నా ఎస్‌క్యూఎల్ పాఠాలు: 61 రోజుల డైరీ

ఏప్రిల్ 15

ఈ రోజు నుంచి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, మన తూర్పు తీరంలో ఇంజన్ ఉన్న బోటు ఏదీ సముద్రంలోకి పోకూడదు. విశాఖలో మా పెదజాలారిపేట ఒడ్డున బోట్లన్నీ ఇసుక మీదకి ఎక్కేశాయి. నాన్న, చిన్నాన్న మా ఫైబర్ బోటుని పైకి లాగి, ఇంజన్ విప్పి ఇంటికి తెచ్చారు. ఇంజన్‌తో పాటు వేట పుస్తకం కూడా ఇంటికొచ్చింది.

నాకు కావలసింది ఆ పుస్తకమే. పొడవాటి రూళ్ళ పుస్తకం. ఒక వేటకి ఒక పేజీ. పైన తేదీ, ఎవరెవరు వెళ్ళారో వాళ్ళ పేర్లు. ఎడమ పక్క డీజిల్, ఐస్, తిండి ఖర్చులు. కుడి పక్క ఒడ్డున వేలంలో ఏ చేప ఎంతకి పోయిందో. అడుగున గీత కొట్టి బోటు వాటా, మనుషుల వాటా. పేజీలకి ఉప్పు గాలి తగిలి అంచులు బిరుసెక్కాయి, కానీ అంకెలు దాదాపుగా చెరగలేదు.

నేను గాజువాకలో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. ఎక్సెల్ బాగానే వచ్చు. పట్టికల్లో దాచిన డేటాని ప్రశ్నలడిగి రాబట్టే భాష అయిన ఎస్‌క్యూఎల్ నేర్చుకోవాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను, రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. రెండుసార్లూ ఆగింది ఒకే చోట: ఎవరో ముక్కూ మొహం తెలియని కంపెనీ ఉద్యోగుల జీతాల పట్టిక దగ్గర. జవాబు వచ్చినా అది ఒప్పో తప్పో నా మనసుకి తెలిసేది కాదు. ఈసారి పాఠం నేర్చుకున్న రాత్రే దాన్ని నాన్న పుస్తకం మీద పెట్టి చూడాలన్నది నా ఏర్పాటు. జవాబు తప్పయితే చెప్పే మనిషి పక్క మంచం మీదే ఉంటాడు.

ఏప్రిల్ 18

ఎంచుకున్న కోర్సు హార్వర్డ్ వాళ్ళ సీఎస్50 ఎస్‌క్యూఎల్. ఉచితం. సున్నా నుంచి ఆరు దాకా మొత్తం ఏడు వారాల పాఠాలు, చివర్లో మన సొంత డేటాబేస్, అంటే ఒకదానితో ఒకటి సంబంధం ఉన్న పట్టికల కట్ట, ఒకటి కట్టి చూపించాలి. బోధించేది కార్టర్ జెంకే. ఇంగ్లిషులోనే ఉంటుంది గానీ అక్షరాలు కింద పడుతుంటాయి, ఆపుకుని చూడొచ్చు. మన కంప్యూటర్లో ఏమీ ఎక్కించనక్కరలేదు, బ్రౌజర్లోనే టెర్మినల్, అంటే ఆజ్ఞలు కొట్టే కిటికీ, తెరుచుకుంటుంది.

మొదటి పాఠం సెలెక్ట్, ఫ్రమ్, వేర్: ఏం కావాలి, ఏ పట్టికలోంచి, ఏ షరతు మీద. అభ్యాసాల్లో సముద్రపు ఉష్ణోగ్రతల పట్టిక ఒకటి వచ్చింది. ఏ అక్షాంశం, ఏ రేఖాంశం దగ్గర, ఎంత లోతులో నీళ్ళు మామూలుగా ఎంత వెచ్చగా ఉంటాయన్నది అందులో ఉంది. నచ్చిన చోటు ఎంచుకోమన్నారు. 17.5, 83.5 అని కొట్టాను. మా ఒడ్డు దాటాక ఎదురుగా ఉండే నీళ్ళు అవి. పైన, వంద మీటర్ల కింద, రెండు వందల మీటర్ల కింద ఎంతెంతో వరసగా వచ్చాయి. నాన్నని పిలిచి చూపించాను. కిందకి పోయేకొద్దీ చల్లబడడం చూసి "వల తీసినప్పుడు సేతికి తెలుస్తాదమ్మా అది" అన్నాడు.

ఒక చిన్న సంగతి రాసి పెట్టుకుంటున్నాను. పట్టిక పేరు, నిలువు వరస పేరు రాసేటప్పుడు జంట కోట్లు, లోపలి విలువలకి ఒంటి కోట్లు. ఈ రెండూ కలగాపులగం చేసి అరగంట పోగొట్టుకున్నాను.

ఏప్రిల్ 24

టైపు చేసే పని మొదలైంది. గత జూన్ 15 నుంచి మొన్న ఏప్రిల్ 14 దాకా 168 పేజీలు. నేను ఫోన్లో కొడుతున్నాను, తమ్ముడు లాప్‌టాప్‌లో. ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి ఎనిమిదవుతోంది, భోజనం చేశాక రోజుకి పది పేజీల కంటే సాగడం లేదు.

ఒక పేజీ దగ్గర ఆగిపోయాం. ఖర్చులో డీజిల్ ఉంది, ఐస్ ఉంది. అమ్మకాల పక్క ఖాళీ. అడుగున గీత కూడా లేదు. నాన్నని అడిగితే ఒక్క చూపులో చెప్పేశాడు: "ఆ రోజు ఇంజను పట్టేసింది. డీజిల్ ఏసినాం, ఐస్ ఎక్కించినాం, రెండు గంటల్లో ఎనక్కి తిరిగొచ్చేసినాం."

"అయితే ఇది వేట కిందకి వస్తుందా నాన్నా?"

"డబ్బులెట్టి బోటు నీటిలో దించినాం కదా. రాయి."

ఈ ప్రశ్నకి ఇంత విలువ ఉందని అప్పుడు అనుకోలేదు. పట్టికలో ఒక వరస అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలని కోర్సులో పదే పదే చెబుతున్నారు. మా ఇంట్లో అది నాన్న తేల్చాడు. బోటు నీటిలో దిగితే ఒక వరస.

ఏప్రిల్ 29

రెండో వారం పాఠం డిజైనింగ్. కోర్సు మొత్తంలో నాకు ఇదే అన్నిటికంటే విలువైనదనిపించింది, రెండుసార్లు చూశాను. బోస్టన్ మెట్రో రైళ్ళని తీసుకుని, ప్రయాణికులు ఒక పట్టిక, స్టేషన్లు ఒక పట్టిక, కార్డు గీసిన ప్రతిసారీ ఒక వరస అని విడదీసి చూపించారు. ప్రతి వరసలో స్టేషన్ పేరు మళ్ళీ మళ్ళీ రాయరు, దాని సంఖ్య రాస్తారు.

కాగితం మీద మా పుస్తకాన్ని అలాగే విడదీశాను. వేటలు, అమ్మకాలు, ఖర్చులు, చేపలు, మనుషులు. ఐదు పట్టికలు. వాటికి నిజంగా తెలుగు పేర్లే పెట్టాను. సెలెక్ట్, ఫ్రమ్ లాంటి మాటలు యంత్రానికి ఇంగ్లిషు అక్షరాల్లోనే ఇవ్వాలి గానీ, పట్టికల పేర్లు, నిలువు వరసల పేర్లు తెలుగు లిపిలో ఉంటే కోర్సులో వాడే డేటాబేస్ ప్రోగ్రాం ఎస్‌క్యూఎల్ లైట్ నిక్షేపంగా ఒప్పుకుంటుంది. ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 'వేట_సంఖ్య' అని కొడితే అవతల నుంచి జవాబు వస్తోంది!

చేపల పట్టిక ఎందుకు విడిగా ఉండాలో పుస్తకమే చెప్పింది. నాన్న 'కోనాం' అని రాస్తాడు. కొన్న వాళ్ళు ఇచ్చిన చీటీల్లో 'వంజరం' అని ఉంటుంది. చేప ఒకటే. విడివిడిగా వదిలేస్తే మా బోటుకి ఎక్కువ డబ్బు తెచ్చే చేప రెండు ముక్కలై రెండో స్థానానికి, ఐదో స్థానానికి పోతోంది. ఇప్పుడు చేపకి ఒక సంఖ్య ఇచ్చి, పేర్లన్నీ దాని కింద పెట్టాను.

కొలత దగ్గర కూడా నాన్న మాటే నెగ్గింది. కోనాం, చందువ కిలోల్లో పోతాయి. నెత్తళ్ళు, కవళ్ళు గంపల్లెక్కన పోతాయి, తూకం ఉండదు. గంపని సుమారు ఇన్ని కిలోలని మార్చేద్దామని తమ్ముడన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. వాన రోజు గంప వేరు, ఎండ రోజు గంప వేరట. కాబట్టి 'పరిమాణం' ఒక నిలువు వరస, 'కొలత' ఇంకో నిలువు వరస. లేని తూకాన్ని పుట్టించి లెక్కలో పెట్టకూడదన్న మాట నాకూ నచ్చింది.

మే 3

ఆదివారం కాస్త తీరిక దొరికి దీని పుట్టుక గురించి చదివాను. 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గార్ కాడ్ డేటాని పట్టికలుగా, వాటి మధ్య సంబంధాలుగా చూడొచ్చని ఒక వ్యాసం రాశాడు. 1974లో అదే కంపెనీలో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ దానికి మామూలు మాటల్లాంటి భాష కట్టి 'సీక్వెల్' అని పేరు పెట్టారు. ఆ పేరు మీద అప్పటికే వేరే కంపెనీకి ట్రేడ్‌మార్క్ ఉండడంతో ఎస్‌క్యూఎల్ అయింది. చాలామంది ఇప్పటికీ సీక్వెల్ అనే పలకడం వెనక కథ ఇది.

నేను వాడుతున్న ఎస్‌క్యూఎల్ లైట్ 2000లో వచ్చింది. రాసిన రిచర్డ్ హిప్ అప్పుడు అమెరికా నౌకాదళం యుద్ధనౌకలో వాడే ప్రోగ్రాం మీద పనిచేస్తున్నాడు. వేరే సర్వర్ పనిచేయకపోయినా డేటా దొరకాలని, డేటాబేస్ మొత్తాన్ని ఒకే ఫైలుగా ఉండేలా కట్టాడు. తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్ళో పుట్టి, రోజూ ఆ ఓడలని చూస్తూ పెరిగినదాన్ని కదా, ఇది చదివాక ఆ ఫైలు నాకు మరీ దగ్గరదైపోయింది. ఇప్పుడది ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్లోనూ ఉంది. నాన్న జేబులో కూడా.

మే 9

168 పేజీలూ ఎక్కించడం పూర్తయింది. మొదటి పెద్ద ప్రశ్న: ఏ రకం ఖర్చుకి ఎంత పోయింది? గ్రూప్ బై ఒకే రకం వరసలని ఒక చోట చేరుస్తుంది, సమ్ వాటిని కూడుతుంది.

సెలెక్ట్ రకం, సమ్(మొత్తం)
ఫ్రమ్ ఖర్చులు
గ్రూప్ బై రకం;

జవాబులో 'ఐస్' రెండుసార్లు వచ్చింది. రెండు వరసల్లోనూ అవే అక్షరాలు, అదే పొల్లు. ముందు ఖాళీ ఉందేమోనని, ఖాళీలు తీసేసే ట్రిమ్ పెట్టాను. పోలేదు. తెర దగ్గరగా పెట్టుకుని చూసినా తేడా లేదు. గంటన్నర అయ్యాక లెంగ్త్, అంటే అక్షరాలెన్నో, అడగాలని తట్టింది.

ఒక ఐస్‌కి 3. ఇంకో ఐస్‌కి 4.

ఐ, స, పొల్లు కలిపి మూడు. నాలుగోది ఏమిటి? లోపలి బైట్లని చూపించే హెక్స్ అని అడిగితే చివర్లో ఈ2 80 8సీ అని మూడు బైట్లు కనిపించాయి. అది కంటికి కనపడని అక్షరం. పొల్లు అక్షరం తర్వాతి అక్షరంతో కలిసి ఒత్తుగా మారిపోకుండా మధ్యలో నిలబడే గుర్తు. నా ఫోన్ కీబోర్డు పొల్లు తర్వాత దాన్ని తనంతట తనే పెడుతోంది, తమ్ముడి లాప్‌టాప్ పెట్టడం లేదు. మనకి రెండూ ఐసే, యంత్రానికి రెండూ వేర్వేరు సరుకులు.

అప్‌డేట్ ఖర్చులు
సెట్ రకం = రీప్లేస్(రకం, చార్(8204), '');

ఆ గుర్తు సంఖ్య 8204. ఈ ఒక్క లైనుతో ఐస్ ఒకటైంది, డీజిల్ ఒకటైంది. తెలుగులో డేటా పెట్టుకునే వాళ్ళెవరైనా సరే ముందు ఇది చూసుకోండి. ఈ సంగతి ఏ కోర్సులోనూ దొరకలేదు నాకు. అప్‌డేట్ కొట్టే ముందు ఫైలుకి ఇంకో కాపీ తీసి పెట్టుకున్నాను, అది కూడా చేయండి.

ఆ తర్వాత రకాలకి కూడా విడి పట్టిక చేసేశాను. ఇక టైపు చేయడం ఉండదు, సంఖ్యే.

మే 12

తేదీలు. నాన్న 2-7 అని రాస్తాడు, మేమూ అలాగే కొట్టేశాం. వరసలో పెట్టమంటే 10-7 వచ్చి 2-7 ముందు కూర్చుంది. ఎస్‌క్యూఎల్ లైట్‌లో తేదీకి విడి రకం లేదు, మేం కొట్టినదాన్ని అక్షరాలుగా దాచింది. సంవత్సరం, నెల, రోజు అదే క్రమంలో, నెలకీ రోజుకీ రెండేసి అంకెలతో మార్చాక సర్దుకుంది.

మే 17

ఈ వారం దెబ్బ గట్టిగానే తగిలింది. వేటకి మిగిలిందెంతో తెలియాలంటే అమ్మకాలు, ఖర్చులు రెండూ కావాలి. వేటలకి అమ్మకాలని జాయిన్ చేసి (వేట సంఖ్య ఒకటే అయిన వరసలని కలిపి), దానికే ఖర్చులని కూడా జాయిన్ చేశాను. సరి చూడడానికి ఒక్క వేటని తీశాను. పుస్తకంలో ఆ పేజీ ఇది:

అమ్మకాలు మూడు. కోనాం 7,200, పారలు 3,150, కవళ్ళు 2,400. మొత్తం 12,750.
ఖర్చులు నాలుగు. డీజిల్ 2,900, ఐస్ 450, తిండి 700, వల బాగుకి 350. మొత్తం 4,400.

యంత్రం చెప్పింది: అమ్మకాలు 51,000, ఖర్చులు 13,200.

నాన్న నవ్వలేదు. పేజీ తీసి, వేలు పెట్టి, "ఈ యాభై ఒక్క ఏలు ఎక్కడున్నాయో సూపించు" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్న. సమ్ తీసేసి ఉత్త వరసలు చూపించమన్నాను. పన్నెండు వచ్చాయి. కోనాం పక్కన డీజిల్, కోనాం పక్కన ఐస్, కోనాం పక్కన తిండి, కోనాం పక్కన వల. మళ్ళీ పారలు పక్కన డీజిల్. ప్రతి అమ్మకమూ ప్రతి ఖర్చుతోనూ జత కట్టింది. మూడు నాలుగుల పన్నెండు. అందుకే అమ్మకాలు నాలుగింతలు, ఖర్చులు మూడింతలు అయ్యాయి.

జాయిన్ అంటే రెండు కాగితాలు పక్కపక్కన పెట్టడం అనుకున్నాను ఇన్నాళ్ళూ. పక్కన పెట్టడం కాదు, జతలన్నీ కట్టడం. నాన్న పుస్తకంలో ఎడమా కుడీ ఎప్పుడూ కలవవు. విడివిడిగా కూడి, మొత్తాలు వచ్చాకే అడుగున ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తాడు. నేనూ అదే చేయాలి.

విత్ రాబడి యాజ్ (
సెలెక్ట్ వేట_సంఖ్య, సమ్(మొత్తం) యాజ్ వచ్చింది
ఫ్రమ్ అమ్మకాలు గ్రూప్ బై వేట_సంఖ్య),
వ్యయం యాజ్ (
సెలెక్ట్ వేట_సంఖ్య, సమ్(మొత్తం) యాజ్ పోయింది
ఫ్రమ్ ఖర్చులు గ్రూప్ బై వేట_సంఖ్య)
సెలెక్ట్ ఏవీజీ(వచ్చింది - పోయింది)
ఫ్రమ్ వేటలు
జాయిన్ రాబడి యూజింగ్ (వేట_సంఖ్య)
జాయిన్ వ్యయం యూజింగ్ (వేట_సంఖ్య);

ముందు కూడడం, తర్వాత కలపడం. జవాబు: వేటకి సగటున 7,960.

మే 18

పొద్దున్నే టీ తాగుతూ ఆ అంకె చెప్పాను. నాన్న గ్లాసు కింద పెట్టాడు. "అంత మిగిలితే ఇంజను బాకీ ఈపాటికి తీరిపోను కదా" అన్నాడు. చిన్నాన్న మా బోటు సరంగు, బోటు నడిపేది ఆయనే, ఆయనా అదే మాట.

రోజంతా ఆఫీసులో అదే ఆలోచన. సాయంత్రం బస్సులో తట్టింది. నేను అడిగింది సగటు, ఎన్ని వేటల మీద సగటో చూడలేదు. ఇంటికి రాగానే కౌంట్ పెట్టాను. 145.

పుస్తకంలో 168. మిగతా 23 ఎక్కడ?

ఆ ఇరవై మూడు పేజీల్లో కుడి పక్క ఖాళీ. ఇంజను పట్టేసిన ఆ ఒక్క రోజు తప్ప, వల వేసి, ఏమీ పడక, ఉత్త చేతులతో తిరిగొచ్చిన రోజులవి. ఆ రోజులకి అమ్మకాల పట్టికలో ఒక్క వరసా లేదు. మామూలు జాయిన్‌కి రెండు పక్కలా జత దొరకాలి. దొరకకపోతే ఆ వరసని వదిలేస్తుంది, వదిలేశానని చెప్పదు కూడా. నాన్న రాత్రి రెండింటికి లేచి వెళ్ళిన ఇరవై మూడు రోజులు నా లెక్కలో జరగనే లేదు.

దీనికి మందు లెఫ్ట్ జాయిన్. ఎడమ పక్క ఉన్న పట్టికలో ఏ వరసా పోదు. పెట్టాను. కౌంట్ చూశాను, 168. హమ్మయ్య అనుకుని సగటు చూశాను.

మళ్ళీ 7,960.

పైసా కదల్లేదు. ఇది నాకు అసలు మింగుడు పడలేదు. వరసలన్నీ తెర మీద పరిచి చూశాను. ఖాళీ వేటల దగ్గర 'వచ్చింది' నల్. నల్ అంటే సున్నా కాదు, తెలియదు అని. తెలియని దాంట్లోంచి 4,200 తీసేస్తే ఎంత? తెలియదు. కాబట్టి మిగులు కూడా నల్. సగటు తీసే ఏవీజీ నల్ ఉన్న వరసలని లెక్కలోకే తీసుకోదు. వరసలు తిరిగొచ్చాయి గానీ లెక్క బయటే నిలబడ్డాయి.

ఇక్కడ మనం యంత్రానికి ఒక మాట చెప్పాలి: అమ్మకం వరస లేదంటే తెలియక కాదు, ఏమీ రాలేదు కాబట్టి. కోయలెస్(వచ్చింది, 0). నల్ దొరికితే సున్నా అనుకో అని.

కొత్త జవాబు 6,295.

ఆ ఖాళీ వేటల ఖర్చే 96,600 రూపాయలు. నాన్నకి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ, ఇది మన లెక్క" అన్నాడు.

నల్‌ని ఎప్పుడూ సున్నా చేసేయొచ్చని మాత్రం అనుకోవద్దు. పుస్తకంలో రెండు చోట్ల నీళ్ళు పడి గంపల సంఖ్య చదవరాకుండా పోయింది. అది నిజంగా తెలియనిదే, దాన్ని నల్‌గానే ఉంచాను. ఏది ఏ రకం ఖాళీనో మనిషే చెప్పాలి.

మే 26

నాలుగో వారం వ్యూలు (పేరు పెట్టి దాచుకున్న ప్రశ్నలు), ఐదో వారం ఇండెక్సులు (పుస్తకం చివరి సూచిక లాంటివి). మిగులు లెక్క ప్రతిసారీ అంత పొడుగు రాయకుండా 'మిగులు' అని వ్యూ కట్టేశాను. ఇండెక్సు లేకపోతే పట్టిక మొత్తం స్కాన్ చేస్తుంది, ఉంటే నేరుగా వెతుకుతుంది. ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్ అడిగితే ఏది చేస్తోందో చెబుతుంది. మా 168 వరసలకి దాని అవసరం లేదు. ఆఫీసులో పనికొస్తుంది.

మే 31

వ్యయం ఒక వేటకి తక్కువ చూపిస్తోంది. వెతికితే, 168 అని కొట్టాల్సిన చోట తమ్ముడు 618 కొట్టాడు. లేని వేటకి ఖర్చు రాస్తే ఆపాలి కదా, ఫారిన్ కీ (ఇక్కడి సంఖ్య వేటల పట్టికలో ఉండి తీరాలన్న కట్టు) పెట్టాను కదా అని చూస్తే, ఎస్‌క్యూఎల్ లైట్‌లో ఫారిన్ కీ కాపలా మామూలుగా నిద్రలో ఉంటుంది. తెరిచిన ప్రతిసారీ ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్ అని లేపాలి. లేపాక 618 మళ్ళీ కొట్టి చూశాను, తీసుకోలేదు. మే 18 నాటి సగటులో ఈ ఖర్చు కలిసిందా లేదా అన్న అనుమానం వచ్చి పుస్తకంతో తిరిగి సరిచూశాను. అది ఆ తర్వాత విడిగా ఎక్కించిన చిల్లర చీటీ, నూట ఇరవై రూపాయల ఐస్.

జూన్ 7

ఆరో వారం మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్. ఇవి ఇంకా పెద్ద డేటాబేస్ ప్రోగ్రాంలు. తొందరగా చూసేశాను. చివరి ప్రాజెక్టుగా మా వేటల డేటాబేస్‌నే పంపాను. మనుషుల పేర్లన్నీ తీసేసి సంఖ్యలుంచాను. వాటాల లెక్క మా కలాసీల ఇళ్ళ సంగతి, బయట పెట్టేది కాదు.

నాన్న తనంతట తనే మొదటిసారి ప్రశ్న అడిగాడు: "ఏ నెల్లో ఎక్కువ కాళీగా వచ్చినాం?"

సెలెక్ట్ నెల, కౌంట్(*) ఫ్రమ్ మిగులు వేర్ వచ్చింది = 0 గ్రూప్ బై నెల. అక్టోబరులో 6, అన్నిటికంటే ఎక్కువ. ఆ నెల వాయుగుండాల మధ్య దొరికిన రెండు మూడు రోజుల్లోనే పోయి వచ్చామని, నీరు కలక తేరకముందే వల వేశామని చిన్నాన్న చెప్పాడు. ఇది పట్టికలో లేదు. 'గమనిక' అని ఒక నిలువు వరస చేర్చి ఆయన మాట ఆయన చెప్పినట్టే రాశాను.

జూన్ 13

ఇంజన్ బిగించారు. వలలు సరిచూశారు. అమ్మ కొత్త రూళ్ళ పుస్తకం కొని పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టింది. పుస్తకం ఆగదు, అది నేను అడగను కూడా. ఒడ్డున తడి చేతులతో రాసుకునేది అదే. రాత్రి నేను ఎక్కిస్తాను.

జూన్ 15

రాత్రి రెండింటికి బోట్లన్నీ దిగాయి. తొమ్మిదింటికి తిరిగొచ్చారు. ఆఫీసు నుంచి వచ్చి పుస్తకం తీసేసరికి నాన్న పక్కన కూర్చుని పైకి చదివాడు.

వేట సంఖ్య 169. డీజిల్ 2,600. ఐస్ 400. తిండి 600. నెత్తళ్ళు, రెండు గంపలు, 3,100. కానాగంతలు, ఒక గంప, 1,800.

ఎంటర్ కొట్టాను. "పడిందా?" అన్నాడు.

"పడింది నాన్నా."